తెల్లబోయిన బంగారం

బెగాయిమ్‌ను మట్టిచేసిన మూడో రోజు ఆ ఇంట్లో రెండు గొడవలు లేచాయి. మొదటిది చనిపోయిన పిల్ల చెవికమ్మల మీద. రెండోది పళ్ళ డాక్టరు మీద.

రెండోదాంట్లో అద్దాలు పగిలాయి, తల పగిలింది. అందుకని ఊరంతా దాని గురించే మాట్లాడుకుంది. మొదటిదాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకుని ఉంటే డాక్టరు తల మిగిలేది.

గొడవ మొదలుపెట్టింది ఖాదిచా. చనిపోయిన పిల్ల తల్లి. శవానికి స్నానం చేయించిన ఆడవాళ్ళు తీసి ఇచ్చిన కమ్మలు రెండూ అరచేతిలో పెట్టుకుని, వాకిట్లో వేసిన గుడారం ముందు నిలబడి అరిచింది.

"ఇదేనా నువ్వు నా కూతురికి పెట్టిన బంగారం? చూడండమ్మా, అందరూ చూడండి. తగరం! నిశ్చయం నాడు నలుగురి ముందు పెట్టావు. నలుగురి ముందే అడుగుతున్నా!"

కమ్మలు నిజంగానే తెల్లగా ఉన్నాయి. పచ్చదనం మచ్చుకైనా లేదు.

"అవి మా అత్తగారు నాకు పెట్టినవి. ముప్పై ఏళ్ళు నా చెవులకున్నాయి. నోరు జాగ్రత్త వదినా!" అంది సాలికా. బెగాయిమ్ అత్తగారు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. మాట్లాడితే ముందుపళ్ళు రెండు బంగారంవి మెరుస్తున్నాయి. "పిల్లని పొట్టన పెట్టుకున్నవాడు బజార్లో బోర్డు కట్టుకుని కూర్చున్నాడు. వాణ్ణొదిలేసి నా మీద పడ్డావేం?"

ఆ మాట చాలింది. భోజనాల దగ్గర కూర్చున్న మగవాళ్ళు చేతులు తుడుచుకుని లేచారు. మాంసం చల్లారకముందే డాక్టరు బక్తియార్ క్లినిక్ అద్దాలు రోడ్డు మీద పడ్డాయి.

జిల్లా కేంద్రం నుంచి పోలీసు కెప్టెన్ రైహాన్ ఓస్మొనోవా వచ్చేసరికి బక్తియార్ లాకప్‌లో ఉన్నాడు. నేరం చేశాడని కాదు. బయట ఉంటే బతకడని.

రైహాన్ చేతిలో ఆసుపత్రి రిపోర్ట్ ఉంది. చిన్నదే. బెగాయిమ్, ఇరవై ఆరేళ్ళు, బాలింత. దగ్గు, ఆయాసం, నాలుగు రోజుల్లో మరణం. ఊపిరితిత్తులు పాడైపోయాయి. రక్తంలో పాదరసం.

ఊళ్ళో అందరూ ఒకటే లెక్క కట్టారు. కాన్పుకు ముందు బక్తియార్ ఆమె నోట్లో పాత ఫిల్లింగులు రెండు పీకి తెల్లవి పెట్టాడు. పాత ఫిల్లింగుల్లో పాదరసం ఉంటుందని వాడే చెప్పాడు. ఇంకేం కావాలి?

రైహాన్‌కి ఒక్కచోట ఆ లెక్క కుదరలేదు. బెగాయిమ్ పసికూతురు ఉమాయ్ ఉన్న ఆసుపత్రికి ఫోన్ చేసింది.

"పసిపిల్ల ఎలా ఉంది డాక్టర్?"

"ఉమాయ్‌కి తగ్గింది. కానీ ఆ పిల్ల ఒంట్లోనూ పాదరసం ఉంది."

"పళ్ళే రాని పిల్లకి ఫిల్లింగు ఎక్కడిదండీ?"

"తల్లిపాలంటోంది నాయనమ్మ. పాలవల్ల ఇంత రాదు. ఇది ఊపిరితో వెళ్ళింది."

"అయితే పిల్లని పంపకండి."

"మంచాల్లేవమ్మా. రేపు మధ్యాహ్నం డిశ్చార్జి. ఎల్లుండి నలభయ్యో రోజు స్నానమట, వాళ్ళు ఒకటే గోల. వినండి. ఈసారి తట్టుకుంది. మళ్ళీ ఆ విషంలోకి వెళ్తే తట్టుకోదు. అదెక్కడుందో రేపటిలోగా మీరే చూడాలి."

రైహాన్ ఫోన్ పెట్టేసింది. ఆమెకి ఇప్పుడు హంతకుడి కంటే ఆ విషమే ముఖ్యం.

లాకప్‌లో బక్తియార్ తలకి కట్టుతో గోడకి ఆనుకుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి.

"కడుపుతో ఉన్న పిల్ల పళ్ళు ఎందుకు కెలికావు?"

"ఆమే వచ్చింది కెప్టెన్ గారూ."

"ఎందుకొచ్చింది?"

"భయపడి."

"భయపెట్టిందెవరు?"

అతను చెప్పనక్కర్లేదు. క్లినిక్ బోర్డు వస్తూ వస్తూ ఆమె చదివింది. 'మీ నోట్లో నల్ల ఫిల్లింగు ఉందా? రోజూ విషం మింగుతున్నారు. ఈరోజే తీయించుకోండి.'

"బోర్డు మీద రాసింది నిజమా, అబద్ధమా?"

"సగం సగం. అందులో సగం పాదరసమే. మిగతాది వెండి, తగరం, రాగి. గట్టిపడ్డాక దాని మానాన అది ఉంటుంది. నమిలితే పిసరంత ఆవిరి వస్తుంది, అంతే. అదీ వద్దని చాలా దేశాలు మానేస్తున్నాయి. పిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ అసలే వెయ్యొద్దంటారు."

"వెయ్యొద్దు సరే. ఉన్నది తీయొచ్చా?"

బక్తియార్ కళ్ళు దించుకున్నాడు. "తీయకూడదు. డ్రిల్ పెడితేనే ఎక్కువ లేస్తుంది. కాన్పు అయ్యేదాకా ఆగమనాలి."

"అన్నావా?"

"ఆగమంటే ఇంకోడి దగ్గరికి పోతుందని..."

"ఈ ఊళ్ళో ఇంకోడెవడయ్యా? పాత పళ్ళ డాక్టరు తురార్ పెద్దాయన పీకడు కదా. పెట్టిందే ఆయన."

రైహాన్‌కి వాణ్ణి కొట్టాలనిపించింది. కానీ కోపం వేరు, కేసు వేరు.

"ఆ రెండు తీసినందుకు మనిషి చస్తుందా?"

"చావదు! అదే చెప్తుంటే ఒక్కడూ వినడే! తీసి నెల దాటింది. పైగా డ్రిల్ పట్టుకున్నది నేను. ఆ ఒక్క మనిషివే కాదు, ఈ ఏడాది ఊళ్ళో సగం మందివి తీశాను. చస్తే ముందు నేను చావాలి."

"తీసిన ముక్కలేం చేశావు?"

"పారేశా." మాట మరీ తొందరగా వచ్చింది.

రైహాన్ క్లినిక్‌కి వెళ్ళింది. పగిలిన అద్దాల మధ్య బీరువా పక్కనే ఉంది, పాదరసం చెత్త వేయడానికి శానిటరీ వాళ్ళు ఇచ్చిన ఎర్రమూత డబ్బా. ఎత్తి చూసింది. తేలిగ్గా ఉంది. మూతకి సీలు కూడా తీయలేదు.

సగం ఊరి ఫిల్లింగులు పీకాడు. ఒక్కటీ డబ్బాలో పడలేదు.

మరెక్కడ పడ్డాయి?

ఊళ్ళో పాదరసం తెలిసినవాడు మరొకడున్నాడు. తురార్. పాతకాలం పళ్ళ డాక్టరు. ఈ ఊళ్ళో నలభై దాటిన ప్రతివాడి నోట్లో ఆయన చేతిపనే ఉంది. రైహాన్ నోట్లో కూడా అలాంటివే మూడున్నాయి. ఆమెకి తెలియకుండానే నాలుక అటు వెళ్ళింది.

తురార్ టీ గిన్నె అందించాడు. చెయ్యి వణికి సగం టీ బల్ల మీద ఒలికింది.

"జాలిపడకు కెప్టెన్. నువ్వు పోసుకో. నేను పోస్తే బల్ల తాగుతుంది."

"ఎప్పట్నించి ఇలా?"

"పాదరసం, వెండిపొడి కలిపి, గుడ్డలో పెట్టి వేళ్ళతో పిండేవాళ్ళం. కిటికీలు మూసిన గదిలో, పొద్దుగూకులూ. వేయించుకున్నవాళ్ళు బాగానే ఉన్నారు. వేసినవాణ్ణి నేను." నవ్వాడు. నవ్వులో తీపి లేదు. "ఇప్పుడు అందరూ అడుగుతున్నారు, ఇది మంచిదా, చెడ్డదా అని. అప్పుడు నన్ను ఒక్కడూ అడగలేదు, తురార్, నీ చెయ్యి ఎలా ఉందని."

"బక్తియార్ మీద మీకు కోపమట?"

"ఉండదా? నేను ఊరికి విషం పెట్టానని బోర్డు రాయించాడు. పొరుగింటి కుర్రాళ్ళు నన్ను చూసి ముక్కు మూసుకుంటారు."

"మీ దగ్గర పాదరసం మిగిలిందా?"

"మా పళ్ళాసుపత్రి మూసిననాడే అప్పగించేశా. ఇల్లంతా వెతుక్కో." ఆగాడు. "బెగాయిమ్ నోట్లో ఆ రెండూ నేనే వేశాను తల్లీ. ఏడో క్లాసు. ఏడవకుండా కూర్చుంది. ఆపిల్ పండు ఇచ్చి పంపాను."

రైహాన్ లేచింది. గుమ్మం పక్కన మేకుకి ఒక ఉంగరం వేలాడుతోంది. తెల్లగా, తగరంలా.

"అదా?" తురార్ భార్య వెనకనుంచి అందుకుంది. "మావారి పెళ్ళి ఉంగరం. పెళ్ళయిన వారానికే పెట్టుకుని పనికి పోయాడు మహానుభావుడు. సాయంత్రానికి బంగారం పోయి అలా తయారైంది. ఆరోజు మా అమ్మ అన్న మాటలు ఈయన ఇప్పటికీ మర్చిపోలేదు. నకిలీదని!"

"నకిలీది కాదా?"

"పైపొరే తెల్లబడుతుంది. పాదరసం ముందు బంగారాన్నే పట్టుకుంటుంది," అన్నాడు తురార్.

రైహాన్‌కి ఊళ్ళో విన్న చెవికమ్మల గొడవ గుర్తొచ్చింది. తర్వాత జీపు వైపు పరుగులాంటి నడక నడిచింది.

సాలికా ఇంట్లో బాలింత గది వెచ్చగా ఉంది. రేపు మనవరాలు వస్తుందని పొయ్యి రాజేసింది. తలుపు పక్క ఉయ్యాల. పొయ్యి పక్కన బెగాయిమ్ పరుపు. కిటికీ అంచులన్నీ కాగితం పట్టీలు, పిండి జిగురు.

"ఎందుకమ్మా ఇంతలా అతికించారు?"

"బాలింత గది కదమ్మా. నలభై రోజులు గాలి సోకకూడదు," అంది సాలికా. ఆరని కళ్ళతోనే ఒక బుల్లి చొక్కా తెచ్చి చూపించింది. రంగురంగుల ముక్కలు. కుట్టు ముచ్చటగా ఉంది. "నలభై ఇళ్ళు తిరిగి అడుక్కొచ్చా. ఇంటికో గుడ్డముక్క. నలభై ఇళ్ళ దీవెన ఉంటే పిల్లకి ఏ గాలీ, ధూళీ అంటదు. బెగాయిమ్ చూడకుండానే పోయింది."

"ఉంగరం ఏమైనా ఉందా మీకు?"

"ఉంది. కిటికీలో పెట్టా. అదేమిటో ఈమధ్య మాసిపోయింది, తోమినా పోవట్లేదు."

కిటికీ గట్టు మీద ఉంగరం తెల్లగా ఉంది. సాలికా నోట్లో బంగారు పళ్ళు మాత్రం పచ్చగా ఉన్నాయి.

రైహాన్ టార్చి తీసి నేలకి ఆనించి వేసింది. ఉన్ని తివాచీ కుట్లలో ఏవో మెరిశాయి. ఆవగింజల్లాంటి బొట్లు. ఊదితే దొర్లాయి. పొయ్యి గూట్లో ఇనపగరిటె ఒకటి ఉంది. పిల్లలు జడుసుకుంటే సీసం కరిగించి దిష్టి తీయడానికి ప్రతి ఇంట్లో ఉండేదే. దాని లోపల బూడిదరంగు పొర.

"పొయ్యి ఆర్పండి. ఇప్పుడే. అందరూ బయటికి."

"ఏమైందమ్మా? పిల్ల వచ్చేసరికి గది చల్లారిపోతుంది..."

"పిల్ల ఈ గదిలోకి రాదు. మీరు కూడా ఈ రాత్రి పక్కింట్లో పడుకోండి."

గదికి తాళం పడింది. సాలికా చాటుగా తిట్టింది. రైహాన్ వినీ విననట్టు మళ్ళీ లాకప్‌కి వెళ్ళింది. ఈసారి బక్తియార్‌ని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. అతను తల వంచుకుని జవాబు చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ ఆ వాకిట్లోనే చేరారు. ఖాదిచా ఒక మూల. సాలికా మరో మూల. తురార్ బల్ల మీద, వణికే చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని. బేడీలతో బక్తియార్. గోడ మీదుగా ఊరు. రాళ్ళు విసిరినవాళ్ళు కూడా వచ్చారు, ఉరి వేస్తారేమో చూద్దామని.

ఆసుపత్రి నుంచి కారు వచ్చింది. బెగాయిమ్ భర్త ఎమిల్ పిల్లని ఎత్తుకుని దిగబోయాడు.

"గేటు బయటే ఉండు ఎమిల్," అంది రైహాన్. "చెప్పేదాకా లోపల అడుగు పెట్టకు."

ఖాదిచా వైపు తిరిగింది. "కమ్మలు ఇవ్వండి."

చిన్న ఆకురాయితో ఒక కమ్మని గీసింది. ఒక గీత. రెండు గీతలు. తెల్లపొర కింద నుంచి పచ్చగా బయటపడింది.

"మేలిమి బంగారం. ఈవిడ మోసం చేయలేదు."

ఖాదిచా ఆ కమ్మని లాక్కుని దగ్గరగా చూసుకుంది.

"మీరంతా ఒక లెక్క కట్టారు. పాదరసం పంటిలోంచి వచ్చిందని. పంటిలోంచి వస్తే చెవికమ్మలు తెల్లబడవు. కిటికీలో ఉంగరం తెల్లబడదు. పళ్ళు లేని పిల్లకి జబ్బు చేయదు. విషం నోట్లో లేదు. గది గాలిలో ఉంది."

"గాలిలోకి ఎలా వచ్చింది?" అన్నాడు ఎమిల్ గేటు బయట నుంచి.

"బక్తియార్, పీకిన ఫిల్లింగులు పారేశానన్నావు. నిన్న నాకేం చెప్పావో ఇప్పుడు వీళ్ళకి చెప్పు."

"ఎవరివి వాళ్ళకే ఇచ్చేశాను," అన్నాడు నేల చూస్తూ. "వెండి ఉంది కదా, మాదే కదా అని అడిగేవాళ్ళు. డబ్బాలో వేయాలని నాకు తెలుసు. ఇవ్వనంటే పోట్లాట. పోనీలే అని..."

"పోనీలే అని!" రైహాన్ గొంతు లేచింది. "నోట్లో ఉంటే విషమని బోర్డు రాశావు. చేతిలో పెట్టేటప్పుడు మాత్రం విషమని చెప్పడానికి నీకు నోరు రాలేదు!"

తర్వాత సాలికా ముందుకి వెళ్ళి, పెద్దావిడని పిలిచే మర్యాదతో మెల్లగా అడిగింది.

"అపా, గుడ్డముక్కలకి తిరిగినప్పుడు జనం ఇంకేమిచ్చారు?"

సాలికాకి ఇంకా అర్థం కాలేదు. "నలభయ్యో రోజు స్నానం నీళ్ళలో వెండి వేయాలి కదమ్మా. మా ఇంటి వెండినాణెం పెద్దమ్మాయి అత్తారింటికి పోయింది. ఓ ఇంట్లో పాత పంటివెండి ఉందని గుడ్డతోపాటు ఇచ్చారు. మంచిదే కదా అనిపించింది. గుడ్డలాగే వెండి కూడా నలభై ఇళ్ళది. తర్వాత నేనే అడిగా. తీయించుకున్నవాళ్ళంతా ఇచ్చారు. అన్నీ కలిపి గరిటెలో వేసి కరగడానికి..."

ఆగింది.

"ఎక్కడ పెట్టారు?"

"పొయ్యి మీద."

"ఏ పొయ్యి?"

సాలికా బాలింత గది తలుపు వైపు చూసింది.

"మీరప్పుడు గదిలో లేరు. మీ పళ్ళు ఇంకా పచ్చగా ఉన్నాయి. ఎక్కడికెళ్ళారు?"

"మిగిలిన ఇళ్ళకి. గుడ్డలకి," అంది.

తురార్ కళ్ళు మూసుకున్నాడు. "నిప్పు తగిలితే అందులో పాదరసమంతా పొగైపోతుంది. రంగుండదు, కనపడదు. వెండీ, తగరమూ, రాగీ అడుగున మిగులుతాయి. నేను ముప్పై ఏళ్ళలో పీల్చనిది ఆ పిల్ల ఒక్క పూటలో పీల్చింది."

"ఉయ్యాల తలుపు పక్కనుంది. సందులోంచి వచ్చే కాస్త గాలే ఆ పసిదాన్ని కాపాడింది," అంది రైహాన్. "మిగిలింది తివాచీలో ఉంది. పొయ్యి రాజేసినప్పుడల్లా మళ్ళీ లేస్తుంది. ఈ సాయంత్రం పిల్లని అక్కడే పడుకోబెట్టేవాళ్ళు."

గోడ మీద నుంచి ఎవరో అరిచారు. "కావాలనే చేసిందేమో! కోడలంటే పడక!"

"నోరు ముయ్యి!" అంది ఖాదిచా. అన్నది ఆవిడే.

"కావాలని చేసినవాళ్ళు ఆ ముద్దని మనవరాలి నీళ్ళలో వేయడానికి దాచుకోరు," అంది రైహాన్. "ఇవ్వండి అపా."

సాలికా తలగుడ్డ కొస ముడి విప్పింది. వేళ్ళకి ముడి చాలాసేపు లొంగలేదు. రేగిపండంత బూడిదరంగు ముద్ద. అరచేతిలో పెట్టుకుని చూసింది. అందులో ఎవరెవరి పళ్ళున్నాయో ఆమెకి తెలుసు. తలెత్తి గోడ వైపు చూసింది. ఆ చూపు పడిన చోటల్లా ఒక తల వంగింది.

తిలా పాపం తలా పిడికెడు. ఇచ్చిన చేతులే రాళ్ళు విసిరాయి.

ఒక్కొక్కరే జారుకున్నారు. చెప్పులు చప్పుడు కాకుండా.

రైహాన్ బక్తియార్ బేడీలు తీసింది.

"నేను వెళ్ళొచ్చా?"

"హత్య కేసులో వెళ్ళొచ్చు. డబ్బా కేసు రాస్తున్నా. దానికి జరిమానాయే పడుతుంది. అంతకంటే ఎక్కువ నా చేతిలో లేదు, అదే నా ఏడుపు. ముందెళ్ళి ఆ బోర్డు దించు."

శానిటరీ బండి వచ్చింది. ముసుగులేసుకున్నవాళ్ళు తివాచీ, పరుపు, గరిటె సంచుల్లో కట్టారు. ఆఖరున ఒకతను నలభై ముక్కల చొక్కా పట్టుకొచ్చాడు.

"అది పిల్లదయ్యా!" సాలికా అడ్డం పడింది.

"అదీ ఆ గదిలోనే ఉంది అపా," అంది రైహాన్. ఇలాంటి మాటలు చెప్పడానికి జీతం తీసుకుంటున్నందుకు ఆమెకి తన మీదే అసహ్యమేసింది. "బట్ట పీల్చుకుంటుంది. తొడగకూడదు."

చొక్కా సంచిలోకి వెళ్ళింది. సాలికా ఖాళీ చేతులతో గేటు దాకా నడిచింది. ఎమిల్ తల్లి ముఖం చూడలేదు. పిల్లని తీసుకెళ్ళి ఖాదిచా ఒళ్ళో పెట్టాడు. సాలికా చెయ్యి చాచి, మళ్ళీ తనే వెనక్కి తీసుకుంది.

కారు కదిలే ముందు ఖాదిచా అద్దం దించింది. ఏదో అనబోయింది. కమ్మల సంగతే కావచ్చు. కానీ అనలేదు. కారు వెళ్ళిపోయింది.

లోపల పనివాళ్ళు కిటికీ తీయడానికి తంటాలు పడుతున్నారు. పట్టీలు ఊడిరావట్లేదు. కత్తి అడుగుతున్నారు.

"ఊడదు," అంది సాలికా, ఎవరితోనో కాదు. "రెండు వరసలు వేశా. నేను తిరిగొచ్చేసరికి బెగాయిమ్ దగ్గుతోంది. అమ్మా, తల తిరుగుతోంది, కిటికీ కాస్త తీయనా అంది." రైహాన్ ముఖంలోకి చూసింది. "వద్దన్నాను. గాలి తగులుతుంది, పడుకో తల్లీ అన్నాను."